స్వలాభము, తోడు, స్వేచ్ఛ: ఆడమ్ స్మిత్ నుండి ఖరగ్‌పూర్ దాక

ఆడమ్ స్మిత్ 1759లో ప్రకటించిన నీతిశాస్త్ర గ్రంథాన్ని తెలుగు చేయబూనిన వానికి మొదటి పుటలలోనే ఒక అడ్డు తగులుతుంది. అది ‘సింపతీ’ అనే మాట. మన నిఘంటువులు దానికి సానుభూతి అని అర్థం చెబుతున్నవి. కాని నేటి వాడుకలో సానుభూతి అనగా జాలికి మర్యాదపేరు. చావుకబురు విన్నప్పుడు తెలియజేసేది సానుభూతి. నాయకుడు మరణించిన పిమ్మట అతని కుటుంబానికి పడేవి సానుభూతి ఓట్లు. స్మిత్ చెప్పినది ఇది కాదు. ఎదుటివాని దుఃఖమే కానక్కరలేదు. అతని సంతోషము, కోపము, కృతజ్ఞత, అవమానము ఏదైనను సరే, ఊహాబలం చేత అతని చోట మనం నిలిచి ఆ భావాన్ని కొంతవరకు మనమూ పొందడమే ఆయన దృష్టిలో సింపతీ. జాలి అందులో ఒక సన్నని పాయ మాత్రమే.

ఈ మాటతో నా పేచీ పుస్తకంలో మొదలుకాలేదు. నేను పెరిగినది నిమ్‌పురాలో. ఖరగ్‌పూర్ రైల్వే పట్టణానికి పడమటివైపున, గూడ్సుబండ్లను విడదీసి కూర్చే పెద్ద యార్డు ప్రక్కన, తెలుగు, ఒడియా, బెంగాలీ, హిందీ ఒకే కుళాయి దగ్గర వినవచ్చే చోటు అది. అక్కడి పెద్దల మాటలలో ‘సింపతీ స్ట్రైకు’ అనే పదం అప్పుడప్పుడు దొర్లేది. తరువాత పత్రికలలో దానిని ‘సానుభూతి సమ్మె’ అని చదివి ఆశ్చర్యపోయినాను. జాలిపడినవాడు ఎక్కడనైనా సమ్మె చేస్తాడా? జాలిపడినవాడు చేతిలో నాలుగు డబ్బులు పెట్టి తన దారిన తాను పోతాడు. తన జీతం పోగొట్టుకొని, పరాయివాని తగవును నెత్తిన వేసుకొని, గేటు బయట కూర్చున్నవాని మనఃస్థితికి జాలి అని పేరు పెట్టడం అతనికి చేసే అన్యాయం కాదా? స్మిత్‌ను చదివిన తరువాతగాని ఆ ప్రశ్నకు దారి దొరకలేదు. ఖరగ్‌పూర్ చరిత్ర చదివిన తరువాతగాని స్మిత్ నాకు పూర్తిగా బోధపడలేదు.

మన అలంకారశాస్త్రం తెలిసినవారికి స్మిత్ భావన బొత్తిగా కొత్తది కాదు. నాటకంలోని రాముని దుఃఖం ప్రేక్షకునికి ఎట్లు అనుభవానికి వస్తుంది? అది రామునిదా, నటునిదా, ప్రేక్షకునిదా? భట్టనాయకుడు సాధారణీకరణమన్నాడు. అభినవగుప్తుడు తన్మయీభావాన్ని చెప్పి, అట్టి యోగ్యత గలవానిని సహృదయుడన్నాడు. స్మిత్ కూడ దుఃఖాంత నాటకాల నాయకులను ఉదాహరించినాడు; ఆయన పరిభాషలో కేంద్రస్థానం ప్రేక్షకునిదే. అయితే పోలిక ఇంతవరకే. రసానుభవం ముగిసిన పిమ్మట మన సహృదయుడు ఇంటికి పోతాడు. స్మిత్ ప్రేక్షకుడు పోడు. మన గుండెలోనే కాపురం పెడతాడు. పక్షపాతం లేని ఆ చూపరి మన పనులను మనమే బయటినుండి చూచుకొనేటట్లు చేస్తాడు. అంతరాత్మకు స్మిత్ ఇచ్చిన వివరణ ఇదే.

స్మిత్ అమాయకుడు కాడు. చీనాదేశం భూకంపంలో మునిగిపోయినదని విన్న ఐరోపావాసి కాసేపు విచారించి ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోతాడనీ, రేపు తన చిటికెనవ్రేలు పోతుందని తెలిస్తే మాత్రం కన్ను మూయలేడనీ ఆయనే వ్రాసినాడు. దూరం పెరిగినకొలది ఈ అనుభూతి పలచబడుతుంది. అంతకంటె పెద్ద దోషం మరొకటి ఉన్నది. మరణించిన సంవత్సరం 1790లో వెలువడిన ఆరవ కూర్పులో ఆయన ఒక కొత్త అధ్యాయం చేర్చినాడు. ధనికులను, ఘనులను ఆరాధించి దరిద్రులను చిన్నచూపు చూచే అలవాటు మన నీతిబుద్ధిని చెరచే ప్రధాన కారణమని దాని సారాంశం. గొప్పవారి కష్టానికి లోకం కన్నీరు కారుస్తుంది. ఖలాసీ కష్టం లోకం కంటబడదు. అర్థశాస్త్రానికి పితామహుడని పేరుపడినవాడు అరువదియేడవ యేట కూర్చుని ఈ మాట వ్రాసినాడన్నది మరువరానిది.

ఆ పేరు తెచ్చిపెట్టిన గ్రంథం 1776 మార్చిలో వచ్చినది. అందులో కసాయివాడు, రొట్టెలవాడు మనకు భోజనం సమకూర్చేది దయచేత కాదు, తమ లాభం చూచుకొనడం చేతనే అన్న మాట లోకప్రసిద్ధం. ఒక గ్రంథంలో సహానుభూతిని, మరొక గ్రంథంలో స్వలాభాన్ని మూలంగా పెట్టిన ఈ మనిషి ఒక్కడేనా, ఇద్దరా అని పంతొమ్మిదవ శతాబ్దపు జర్మన్ పండితులు పెద్ద వాదం నడిపినారు. నాకు అది పండితులు కల్పించుకొన్న చిక్కుగానే తోస్తుంది. కసాయివానితో బేరమాడేవాడు అతనికి ఏమి కావలెనో ముందుగా ఊహించవలెను గదా. ఎదుటివాని చోట నిలిచి చూడలేనివాడు భిక్ష అడగగలడేమోగాని బేరం చేయలేడు. స్వలాభం నడిచే త్రోవ కూడ ఆ ఊహాశక్తి వేసినదే.

చిక్కు ఉన్నచోటు వేరు. బేరానికి కూర్చున్న ఇద్దరూ సమానులు కానప్పుడు ఏమి జరుగుతుంది? ఆ గ్రంథంలోనే కూలిరేట్లను గురించిన అధ్యాయంలో స్మిత్ దీనికి సమాధానం చెప్పినాడు. దానిని ఉదాహరించేవారు తక్కువ. యజమానులు కూలి పెంచకుండ ఎల్లప్పుడును, ఎల్లచోట్లను నోరెత్తని ఒప్పందంలో ఉంటారు; అది అంత సహజం కనుక ఎవరి చెవినీ పడదు. కూలివారు కూడితే మాత్రం ఊరంతా అల్లరి. కూలి తగ్గించుటకు కూడేవారిని నిషేధించే శాసనం ఒక్కటీ లేదు, పెంచుటకు కూడేవారి మీద చాల ఉన్నవి. పైగా కాలం యజమాని పక్షం. పని చేయించకపోయినను అతడు ఏడాదో రెండేండ్లో కూడబెట్టిన దానిమీద బ్రతుకగలడు; పని లేకుండ వారం గడపగలిగిన కూలివారు చాలమంది ఉండరు, నెల గడపగలిగినవారు బహు కొద్దిమంది, ఏడాది గడపగలిగినవారు దాదాపు లేరు. ఈ లెక్కను పాఠకులు జ్ఞాపకం ఉంచుకొనవలెను. ఒకటిన్నర శతాబ్దం తరువాత ఖరగ్‌పూర్‌లో దీనికి పరీక్ష జరిగినది.

మన దేశానికి స్మిత్ సగమే వచ్చినాడు. 1770 నాటి బెంగాల్ కరువును గురించి ఆయన స్వయంగా వ్రాసినాడు. అనావృష్టి వల్ల ధరలు పెరిగి ఉండేవేమోగాని, బియ్యం వర్తకం మీద ఈస్టిండియా కంపెనీ నౌకర్లు పెట్టిన తెలివితక్కువ నిర్బంధాలు ఆ కొరతను కరువుగా మార్చుటకు బహుశః తోడైనవని ఆయన అభిప్రాయం. నేడు ఖరగ్‌పూర్ ఉన్న మిదనాపురం సీమ 1760 నుండే ఆ కంపెనీ చేతిలో ఉన్నది. వర్తకులే ప్రభువులైతే కలిగే కీడును గూర్చి ఆయన వ్రాసిన పుటలు మన ఆఫీసులకు చేరలేదు. వర్తకంలో జోక్యం కూడదన్న వాక్యం మాత్రం చేరినది. 1866లో ఒరిస్సాను ఊడ్చి గంజాంను కూడ తాకిన కరువులో, ధాన్యం తెప్పించుటకు బెంగాల్ రెవిన్యూ బోర్డు నిరాకరించడానికి అర్థశాస్త్ర సూత్రమే ఆధారమైనది. ధాత సంవత్సరపు కరువులో, అనగా 1876–77లో, మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొన్నందుకు లిట్టన్ ప్రభుత్వం ఆక్షేపించినది. కరువుపనులలో కూలి రోజుకు ఒక పౌను ధాన్యం లెక్కకు దిగినది. చూపరిని ఓడలోనే వదలి సూత్రాన్ని మాత్రం రేవులో దించుకొన్నట్లయినది.

స్వేచ్ఛ విషయంలోనూ ఇదే కథ. జాన్ స్టూవర్ట్ మిల్ 1823 నుండి 1858 వరకు లండనులో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. ఆ మరుసటి ఏట వెలువడిన ఆయన స్వేచ్ఛా గ్రంథం, ఇంకను ‘ఎదగని’ జాతులకు తన సూత్రం వర్తించదని మొదటనే మినహాయించినది. ఆ మినహాయింపులో మనమున్నాము. అయినను మిల్‌కు ఒక కృతజ్ఞత చెప్పవలెను. కూలికి చెల్లే నిధి ఇంత అని ముందే నిర్ణయమై ఉంటుంది కాబట్టి సంఘాలవల్ల కూలి పెరగదన్న సిద్ధాంతాన్ని తాను ఎంతోకాలం బోధించి, 1869లో అది తప్పని బహిరంగంగా ఒప్పుకొన్నాడు. తన సిద్ధాంతాన్ని తానే కూల్చుకొన్న శాస్త్రకారులు అరుదు.

ఇక మన వైపు చూడవలెను. స్వలాభము, పొరుగువాడు అనే ఈ ప్రశ్నను తెలుగులో అందరి నోటికి ఎక్కించినది ఏ శాస్త్రగ్రంథమూ కాదు. 1910 నాటి గురజాడ అప్పారావుగారి దేశభక్తి గేయం. అందులోని ఉపదేశంలో రెండు మాటలు ఎన్నదగినవి. స్వలాభాన్ని పూర్తిగా విడిచి సన్యసించమని ఆయన అనలేదు, ‘కొంత’ మానుకొమ్మన్నాడు. పొరుగువాని మీద జాలిపడుమని అనలేదు, ‘తోడుపడు’మన్నాడు. కన్యాశుల్కం వ్రాసినవానికి స్వలాభం ఎంత బలమైనదో ఎవరు చెప్పవలెను? 1897 నాటి పీఠికలో ఆయన విశాఖపట్టణం జిల్లాలో మూడేండ్లలో లెక్కకు వచ్చిన 1034 శుల్కవివాహాలను పేర్కొన్నాడు. వాటిలో ఐదేండ్ల పిల్లలు తొంబదితొమ్మిది మంది. ఏడాది పిల్లలు ముగ్గురు. ఎదుటి ప్రాణి చోట నిలిచి చూడని బేరం ఎంతదూరం పోగలదో ఈ అంకెలకంటె బాగా చెప్పే నీతిశాస్త్రం నేను చదువలేదు.

ఆ గురజాడ ఊరు విజయనగరం మీదుగా పోయే రైలుదారే తెలుగువారిని ఖరగ్‌పూర్‌కు చేర్చినది. తూర్పుతీరపు రైలుమార్గంలో వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ క్రిందికి వచ్చినది. వాల్తేరు ఒక కొసను, కంపెనీవారి పెద్ద వర్క్‌షాపు వెలసిన ఖరగ్‌పూర్ మరొక కొసను. ఇంటికి, పనికి మధ్య ఒకే కంపెనీ బండి. విశాఖ, గంజాం పల్లెలనుండి ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుకూలీలుగా వేలమంది తరలివచ్చినారు. కరువులను కన్నవారి పిల్లలు వారు. రంగూనుకు ఓడ ఎక్కినవారికి సముద్రం అడ్డు; వీరికి అదీ లేదు, పండుగకు పోయి రావచ్చును.

ఇక్కడ కథ కొంతసేపు డబ్లిన్ పోవలసి ఉన్నది. బరంపురంలో పుట్టిన వరాహగిరి వేంకటగిరిగారు న్యాయశాస్త్రం చదువుటకు 1913లో డబ్లిన్ చేరినారు. ఆ ఆగస్టులో అక్కడ ట్రాముకార్మికుల సమ్మె మొదలై, విలియం మార్టిన్ మర్ఫీ నాయకత్వాన యజమానులు ఒక్కటై ఇరువదివేల మందికి పైగా కార్మికులకు తలుపులు మూసినారు. లార్కిన్ సంఘంలో చేరమని సంతకం చేసినవానికే పని. విశేషమేమంటే ఆ సంతకాన్ని యజమానులు అడిగినది స్వేచ్ఛ పేరుతోనే: ప్రతి కార్మికుడు తన ఒప్పందం తానే చేసుకొనే స్వతంత్రుడై ఉండవలెనట! లార్కిన్, కానొలీ నడిపిన ఆయుధం సానుభూతి సమ్మె. ఒకచోట తగవు వస్తే మరొకచోటివారు ఆ సరుకును ముట్టరు. అక్టోబరులో కవి జార్జి రస్సెల్ డబ్లిన్ యజమానులకు పత్రికాముఖంగా ఒక లేఖ వ్రాసి వారి కఠినత్వాన్ని తూర్పారబట్టినాడు. (ఈ రస్సెల్ మిత్రుడైన జేమ్స్ కజిన్సే పిమ్మట మన మదనపల్లెలో అధ్యాపకుడైనాడు. లోకం చిన్నది.) ఇంగ్లండు సంఘాలు ఓడలలో ఆహారం పంపినవి; కాని సానుభూతి సమ్మెకు మాత్రం డిసెంబరులో వల్లకాదన్నవి. జాలి ఓడ ఎక్కి వచ్చినది, తోడు రాలేదు. 1914 తొలినెలలలో ఆకలితో కార్మికులు ఒక్కరొక్కరే వెనుకకు పోయినారు. ఐర్లండు తిరుగుబాటు జరిగిన 1916లో గిరిగారు ఆ దేశం విడిచి రావలసివచ్చినది.

ఆ మనిషే బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికసంఘానికి నాయకుడైనారు. 1926లో అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులైనారు. 1927 ఫిబ్రవరిలో ఖరగ్‌పూర్‌లో మొదటి సమ్మె జరిగి మార్చిలో ముగిసినది. అసలు పరీక్ష సెప్టెంబరులో వచ్చినది. వర్క్‌షాపులో మనుషులు ఎక్కువైనారని కంపెనీ వందలకొలది మందిని తొలగించ నిశ్చయించినది. మిగిలినవారు ఒప్పుకొనలేదు. కంపెనీ గేట్లు మూసినది. సెప్టెంబరులో మూసిన గేట్లు డిసెంబరులోగాని తెరువలేదు.

ఇందులో నన్ను నిలిపివేసే మనిషి తొలగింపు పట్టికలో పేరున్నవాడు కాడు, పేరు లేనివాడు. ఉన్నవాని పోరాటం స్వలాభమే, దానికి ఏ తత్త్వమూ అక్కరలేదు. లేనివాడు కేవలం తన లెక్క చూచుకొంటే మరునాడు ఉదయం భోంగా మ్రోగగానే లోపలికి పోవచ్చును. పైగా పక్కవాడు పోతే తన పని మరింత పదిలమని కూడ అనుకొనవచ్చును. అతడు పోలేదు. స్మిత్ లెక్కలో కొద్దిమందిగాని గడపలేని నెలను మూడు మార్లు గడిపినాడు. ఎట్లు గడిపినాడు? కొందరు ఊళ్ళకు పోయి ఉంటారు; కొందరు అప్పులు చేసి ఉంటారు; వడ్డీవ్యాపారికి పండుగ అయి ఉంటుంది. ఆ ఇళ్ళలోని ఆడవారి లెక్కలు ఏ పుస్తకంలోనూ లేవు. అతనిని దేవతను చేయవలసిన పని లేదు. ‘ఈ ఏడు వాడు, వచ్చే ఏడు నేను’ అన్న భయం కూడ అతనిలో ఉండి ఉండును. కాని ఆ భయం కూడ తనను ఎదుటివాని చోట నిలిపి చూచినప్పుడే పుడుతుంది. స్వలాభమెక్కడ ఆగినది, తోడు ఎక్కడ మొదలైనది అని గీత గీయబోతే గీత నిలువదు. గురజాడవారి ‘కొంత’ అన్న మాటకు ఇంత చక్కని వ్యాఖ్యానం మరొకటి లేదు.

ఈ సహానుభూతికి హద్దులు లేవని కూడ అనను. ఆ రైల్వేలో తెల్లవారికి, ఆంగ్లో ఇండియనులకు, మనవారికి నివాసాలు వేరు, మెట్లు వేరు. రైల్వేలలోని యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు ఆగ్జిలరీ ఫోర్సులో సభ్యులు. తగవు ముదిరితే ఒక ఉద్యోగి మరొక ఉద్యోగి ఎదుట తుపాకి పట్టుకొని నిలువవలసిన ఏర్పాటు అది. చీనా భూకంపానికి ఐరోపా ఎంత దూరమో, ఒకే వర్క్‌షాపులో ఫోర్‌మన్‌కు ఖలాసీ అంత దూరం. దూరాన్ని మైళ్ళలో కొలువరాదని స్మిత్‌కు తెలుసు. దానిని ఒక పాలనావిధానం పనిగట్టుకొని పెంచగలదన్నది మాత్రం ఆయన చూడలేదు.

ఈ కాలపు అలజడికి ప్రభుత్వం చెప్పిన సమాధానం 1929 నాటి ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టం. గనికార్మికులకోసం 1926లో ఇంగ్లండు సంఘాలు చేసిన సార్వత్రిక సమ్మె తరువాత, 1927లో అక్కడ వచ్చిన శాసనమే దీని పదహారవ సెక్షనుకు ఒరవడి. దాని ప్రకారం సమ్మె చేసేవారు తాము పనిచేసే పరిశ్రమలోని తగవుకోసం కాక మరొక ఉద్దేశంతో చేసి, సమాజానికి తీవ్రమైన ఇబ్బంది కలిగించి, తద్ద్వారా ప్రభుత్వాన్ని లొంగదీయజూచినట్లయితే ఆ సమ్మె శాసనవిరుద్ధం. రెండు షరతులూ కూడవలెనన్నది నిజమే. కాని మొదటి షరతును నీతిశాస్త్రదృష్టితో ఒక్కసారి చదివి చూడుడు. నీ కూలికోసం నీవు పని మానవచ్చును. అది నీ స్వలాభం, అర్థమైన విషయం. మరొకని కూలికోసం మానినావా, అక్కడినుండి అనుమానం. లోకమంతా స్వార్థాన్ని దోషమనీ పరార్థాన్ని గుణమనీ చెప్పగా, ఈ శాసనం స్వార్థానికి అనుమతిపత్రమిచ్చి పరార్థాన్ని నేరపు అంచున నిలిపినది. ఆ ఏప్రిల్ 8న భగత్‌సింగ్, బటుకేశ్వర దత్తులు కేంద్ర శాసనసభలో బాంబులు వేసినది ఈ బిల్లు సందర్భంలోనే అని అందరూ ఎరుగుదురు. ఆ బిల్లులో ఏమున్నదో చదివినవారు మాత్రం కొద్దిమంది.

శాసనకర్తల వాదానికి బలం లేదనరాదు. రైళ్ళు, నీళ్ళు, దీపాలు ఆగిపోతే బాధపడేది యజమాని కాదు, దారిన పోయేవాడు. వానికి స్వేచ్ఛ లేదా? ఈ ప్రశ్నకు గిరిగారు తమ జీవితంలో ఇచ్చిన సమాధానం వేరు. 1952లో కేంద్ర కార్మికమంత్రి అయినప్పుడు, తగవులను ప్రభుత్వం బలవంతపు తీర్పులకు ఈడ్వరాదనీ, ఇరుపక్షాలు ఎదురెదురుగా కూర్చుని తేల్చుకొనడమే మేలనీ వాదించినారు. తీర్పుకు కట్టివేయడం సంఘాలను సోమరులను చేస్తుందని ఆయన భయం. ప్రభుత్వంలోని తోటివారే దీనికి సుముఖులు కాలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా వచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు ఆయన రాజీనామా ఇచ్చినారు. తీర్పుల పద్ధతినే ఇష్టపడనివాడు తీర్పును కాపాడుటకు పదవి వదలుకొన్నాడు! ఇందులో వైరుధ్యమున్నదని కొందరంటారు. నాకు కనబడదు. బేరానికి కూర్చున్నవారిలో బలవంతుడు ఆట మధ్యలో నియమం మార్చినాడు. పక్షపాతం లేని చూపరి లేచి బయటికి వచ్చినాడు.

అనువాదం సంగతి మిగిలినది. సానుభూతి పనికిరాదని సహానుభూతి అని వ్రాసినాను. అచ్చు చిత్తులలో ఆ హకారం రెండుమార్లు ఎగిరిపోయినది. దిద్దేవారు నా తప్పని అనుకొని ఉంటారు. అప్పుడు ‘తోడు’ గుర్తుకు వచ్చినది. తోడబుట్టినవాడు, తోడికోడలు, చీకటిలో తోడు రావడం, గురజాడవారి తోడుపడడం అన్నీ ఆ ధాతువులోనివే. ఇంతేకాక కాచిన పాలలో రాత్రి వేసే చెంచాడు పెరుగునూ తోడు అనే అంటాము. కొంచెమే వేస్తాము, తెల్లవారేసరికి పాలన్నీ తోడుకొంటవి. నిమ్‌పురాలో ఒక రిటైరైన ఫిట్టరుకు ఈ అనువాదాలు మూడూ చదివి వినిపించినాను. సానుభూతి సమ్మె అంటే పత్రిక భాష అన్నాడు. సహానుభూతి సమ్మె అంటే మళ్ళీ చెప్పమన్నాడు. తోడు సమ్మె అన్నప్పుడు ఏమీ అనక, ఏ సంవత్సరానిది అని అడిగినాడు.